హౌజులో చేపల ఉపాసం

సోలాపూర్ నగరపాలిక మలేరియా విభాగంలో ఇన్‌స్పెక్టరుగా నన్ను అశోక్ చౌక్ వెనుక తెలుగు నేతపనివాళ్ల వాడలకు వేసింది రిటైరయ్యే ముందరి ఏడాది, సరిగ్గా మృగశిర కార్తె వచ్చిన రోజు. అక్కడ మొదటి డ్యూటీ గప్పీ చేపలు వదలడం. వేలెడంత కూడా ఉండని చేపలివి. నీళ్లలో దోమ గుడ్డు నుంచి వచ్చే పురుగును, మేము లార్వా అనేదాన్ని, తింటాయి.

మృగశిర నాడు మనవాళ్లు చేప తింటారన్న సంగతి మా ఆఫీసుకు తట్టలేదు. నేను బకెట్ పట్టుకుని వాడలో అడుగు పెట్టేసరికి ఆడవాళ్లు గిన్నెలతో వరుస కట్టారు. అందరికంటే ముందు లక్ష్మవ్వ. డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా బీడీలు చుడుతుంది. ఆ వాడలో ఆమె మాటకు ఎదురు లేదు. బకెట్లోకి తొంగి చూసి మొహం చిట్లించింది.

"ఏంది సారూ, గింత చిన్నయి! ఇవి కూరకు ఏం సరిపోతయ్?"

కూరకు కాదు, హౌజులోకి అని చెప్పాను. పదహారు ఇళ్లకు కలిపి ఒకటే హౌజు, సిమెంటు నీళ్ల తొట్టి. మా దగ్గర కుళాయి రోజూ రాదు కాబట్టి నీళ్లు నిల్వ చేయక తప్పదు, నిల్వ చేస్తే దోమ తప్పదు. నిబంధన ప్రకారం నేను వారానికోసారి వచ్చి, పొడుగు పిడి ఉన్న తెల్ల గరిటెతో పది చోట్ల ముంచి చూడాలి. వరుసగా మూడు సర్వేల్లో లార్వా కనిపిస్తే హౌజు ఖాళీ చేయించాలి. అంటే మళ్లీ కుళాయి వచ్చేదాకా పదహారు ఇళ్లకు చుక్క నీరు ఉండదు.

"ఇవి సర్కారు చేపలు, అవ్వా. వీటి జిమ్మేదారీ నీదే, మంచిచెడ్డలు నువ్వే చూడాలి," అని చెప్పి వచ్చాను. పొరపాటు అక్కడే జరిగింది.

మొదటి వారం ఒక్క పురుగు లేదు. రెండో వారం గరిటెలో ఐదారు గిలగిలలాడుతూ కనిపించాయి. మూడో వారం మా మలేరియా ఆఫీసర్ డాక్టరు గారు స్వయంగా వచ్చారు. గరిటె ముంచితే పురుగులే పురుగులు. చేపలు మాత్రం నిండు గర్భిణుల్లా పొట్టలేసుకుని ఒక మూలన గుంపుగా నిలబడి ఉన్నాయి. అంతలో లక్ష్మవ్వ భాకరీ అనే జొన్నరొట్టె ముక్క పట్టుకుని వచ్చి నాలుకతో టక్కుమనిపించింది. చేపలన్నీ ఆమె వైపు పరుగెత్తాయి. ఎదురొచ్చిన పురుగులను పక్కకు తోసి మరీ వెళ్లాయి.

డాక్టరు గారు నా వైపు తిరిగి, చేపలకు డ్యూటీ వేశావా, పింఛను మంజూరు చేశావా అని మరాఠీలో అడిగారు. వచ్చే సర్వేలో ఇలాగే ఉంటే ఖాళీ చేయించమని చెప్పి వెళ్లిపోయారు.

విచారిస్తే తేలిందేమిటంటే, పొద్దున లక్ష్మవ్వ భాకరీ, మధ్యాహ్నం పక్కింటివాళ్ల పల్లీల చట్నీ, సాయంత్రం సాంచాలు, అంటే మరమగ్గాలు, బందు చేసి వచ్చిన మగవాళ్ల తరఫున బిస్కెట్లు.

"నీళ్లల్ల ఏముంటది సారూ? బిచారీ చేపలు, ఎండుకపోతున్నయని పెట్టినం."

నేను హౌజు గట్టు మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాను. గోడకు పట్టిన పాచి ఎండతో తన తిండి తానే తయారు చేసుకుంటుంది. దాన్ని పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది.

"పాచి ఎండ తిని బతుకుతదా?" అంది లక్ష్మవ్వ. "మా సోలాపూర్ల ఎండకేం కొదువ? గట్లయితే మాకు వంట దేనికి?"

చెబుతూ ఉండగా నాకే ఒక సంగతి తట్టింది. చేపలు వదిలేసిన భాకరీ ముక్కలు నీళ్లలో పులిసి, వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు పురుగులకు మేతవుతున్నాయి. ఆ హౌజును పోషిస్తున్నది పాచి కాదు, ఎక్కడో చేనులో పండిన జొన్న. లక్ష్మవ్వ చేపలనూ పెంచుతోంది, దోమలనూ పెంచుతోంది.

ఆ మాట చెబితే ఆమె నమ్మలేదు. చివరికి, హౌజు ఖాళీ చేస్తే చేపలు మురికికాలువ పాలవుతాయన్నాను. ఆమె వంగి చేపల వైపు చూసింది. తర్వాత లేచి వాడంతా వినేలా ప్రకటించింది: "ఇయ్యాళ్టి నుంచి చేపలకు ఉపాస్! ఎవలన్న పెడితే పాపం తగుల్తది!"

ఉపాసం చెడగొట్టడానికి ఆ వాడలో ఎవరికీ ధైర్యం లేదు. నీళ్లలోని ముక్కలు తీసేసి, కర్ర పక్కన పెట్టుకుని ఆమె గట్టు మీదే కూర్చుని బీడీలు చుట్టింది. మొదటి రెండు రోజులు చేపలు ఆమె నీడ ఎటు పడితే అటు తిరిగాయట, ఆమె మొహం తిప్పుకుని కూర్చుందట. మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది.

"సారూ, ఘోరమాయె! పురుగులను పట్టుకొని తినవట్టినయ్! ఉపాస్‌ల నీసు!"

నాలుగో సర్వేలో పది చోట్ల ముంచినా గరిటెలో ఒక్క పురుగు రాలేదు. ఇంకో రెండు చోట్ల ముంచి చూసి డాక్టరు గారు సంతకం చేశారు. హౌజు నిలిచింది. లక్ష్మవ్వ మాత్రం చేపలతో వారం రోజులు మాట్లాడలేదు.

నీళ్లలో ఏది దేన్ని తింటుందో చదువుకుని ఉద్యోగంలో చేరాను. గట్టు మీదున్న మనిషిని ఆ లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత చేపలు వదిలిన ప్రతి ఇంట్లోనూ నేను మొదట అడిగిన ప్రశ్న నీళ్ల గురించి కాదు: వీటికి మీలో ఎవరు తిండి పెట్టబోతున్నారు?