కుమెదా లాగిన తాడు

ఇసోహమా బేస్‌బాల్ జట్టుకు ఇరవై ఏళ్లు నిండాయి, చరిత్ర పుస్తకం వేస్తున్నామంటూ జట్టు ఆఫీసు నుంచి నాసె అనే అమ్మాయి వచ్చేసరికి, కుమెదా సెయిజో ఉతికిన చొక్కా తొడుక్కుని సిద్ధంగా కూర్చున్నాడు. డెబ్బై ఆరేళ్ల వాడు. చదివింది ఊరిబడిలో, బతికింది ఇళ్లకు గడ్డి చాపలు కుట్టి. అయినా మొదటి ఆట నుంచీ అభిమాని కావడంతో ఆ జట్టు సంగతి తన తర్వాతే ఎవరికైనా తెలుసని అతని ధీమా.

"రాసుకో తల్లీ. మొదటి ఏడాది డెబ్బై రెండు ఆటలాడి పదకొండు గెలిచాం. పదకొండింటికీ డోలు కొట్టింది నేనే."

"ఓడిన అరవై ఒకటికీ కొట్టిందెవరో?" అంది వంటింట్లోంచి భార్య నోబుయె.

"అదీ నేనేలే. రాసుకో."

జట్టుకు టోంబీలని, జనం చేతుల్లోని అన్నం ముద్దలు తన్నుకుపోయే రేవు గద్ద పేరు పెట్టమన్నది తనే. మైదానం వానకు మునిగితే ఎనభై పాత చాపలు పరిపించింది తనే. ఆట జరగనూ లేదు, చాపలు మిగలనూ లేదు. ఆటగాళ్లు పొద్దున చేపల పెట్టెలు మోసి అలాగే మైదానానికి వస్తుంటే, స్నానం చేసి రావాలని నియమం పెట్టించింది కూడా తనే. ఒక్కొక్కరికీ ఒక పాట కట్టాడు. సకుమా పాట ఎంత పొడుగంటే, రెండో చరణం అందుకునే లోపే అతను అవుటై వెళ్లి కూర్చునేవాడు.

"అయిదో ఏటి ఫైనల్ గురించి ఇలా రాశాం, చూడండి." నాసె కాగితం తీసి చదివింది. "'క్యాచర్ ఒకిమురా బంతి జారవిడిచి, వెతుక్కోలేక, దక్కాల్సిన ఒకే ఒక్క కప్పును పోగొట్టాడు. అప్పుడే గాలికి కుసుదామా తాడు కూడా తెగింది.'"

ఒకిమురా ఇప్పుడు రేవు పక్కన ఉదోన్ నూడుల్స్ దుకాణం నడుపుతున్నాడు. పదిహేనేళ్లుగా వచ్చినవాళ్లంతా "గిన్నె జారేను, చూసుకో" అని వెక్కిరిస్తూనే ఉన్నారు. ఆ నవ్వుల్లో కుమెదా నవ్వు కూడా ఉంది.

నోబుయె టీ తెచ్చి, అతని ముందు పెట్టి, కదలకుండా నిలబడింది. ఆమె ఒక్కదానికే తెలుసు.

"తాడు తెగలేదమ్మా," అన్నాడు కుమెదా. "నేనే లాగాను."

"అంటే?"

"గెలవగానే విప్పి కాగితాలు కురిపించే గుండు కదా కుసుదామా. నేనే చేశాను. రంగు కాగితం దండగ, తెల్లది చాలన్నదీ నేనే. ఫొటోలో బాగా పడాలని సరిగ్గా క్యాచర్ తల మీదికి వేలాడదీయించిందీ నేనే. ఒక్క పరుగు ముందున్నాం. వాళ్ల చివరివాడు మూడోసారి కూడా గాలినే కొట్టాడు. మూడు తప్పితే అవుటే కదా, ఇంకేం, గెలిచేశామనుకుని లాగేశాను. బంతి ఒకిమురా చేతిలోంచి జారిందని చూడలేదు. వెనకున్న క్యాచర్ పట్టలేక జారితే కొట్టేవాడు అవుట్ కాదు, పరుగెత్తొచ్చు కదా! తెల్ల బంతి, తెల్ల కాగితాలు. పాపం ఒకిమురా మోకాళ్ల మీద పాకుతూ వెతుకుతుంటే వాళ్లలో ఇద్దరు చుట్టూ పరుగెత్తి వచ్చి రెండు పరుగులు చేసేశారు."

"అంపైర్లు ఊరుకున్నారా?"

"కాగితాల గురించి నియమాల్లో ఏమీ లేదన్నారు. తర్వాత మన వంతూ వచ్చింది, కానీ నెత్తినిండా కాగితాలతో ఎవడు కొడతాడు? గాలికి తెగిందని మర్నాడు పేపర్లో వేస్తే, నేను గాలిని మెచ్చుకుని ఊరుకున్నాను."

"ఇది రాయమంటారా, కుమెదా గారూ?"

"రాయి. ఒకిమురా మీద రాసిన ముక్క కొట్టెయ్. కింద ఇంకో మాట కూడా చేర్చు: ఇరవై ఏళ్లలో ఆ గుండు విచ్చుకున్నది ఒక్కసారే, విప్పింది కుమెదా."

"చూశావా, దాన్నీ ఘనతల్లోనే కలిపేశాడు!" అంది నోబుయె.

పుస్తకం రాకముందే తన నోటితో చెప్పాలని ఆ మధ్యాహ్నమే ఒకిమురా దుకాణానికి వెళ్లాడు. ఒకిమురా పిండి చేతులతోనే అంతా విన్నాడు.

"తెలుసు పెద్దాయనా. పాకుతూ ఒకసారి తలెత్తాను. తాడు మీ చేతిలోనే ఉంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంరా?"

"బంతి జారింది నా చేతిలోంచేగా." పొగలు కక్కే గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. "రెండు చేతులతో పట్టుకోండి. జారేను."