మందు అడిగినవా

మధ్యాహ్నం సరిగ్గ రెండింటికి వచ్చేది. కంపెనీ బస్సన్న ఒక్కోనాడు ఆలస్యమైతుండె గని నా తలనొప్పి ఒక్కనాడు సుత ఆలస్యం కాకపోతుండె. ఎడమ కన్ను వెనుక మొదలయ్యేది. ఆ కన్ను ఎర్రగయ్యి నీళ్ళు కారేది, ఆ పక్క ముక్కే కారేది, రెప్ప వాలిపోయేది. కుడి పక్కకు ఏమీ లేదు, సల్లగ ఉండేది. సగం తలకే ఎందుకొస్తదో ఆ దేవునికే తెల్వాలె! పండుకుంటె ఇంకా ఎక్కువైతుండె. అందుకని రూమ్‌ల ఈ గోడ కాడికెళ్ళి ఆ గోడ దాక తిరుగుడు, తల గోడకు గుద్దుకునుడు. గంటన్నరకు ఏం జరుగనట్టే పోయేది. మళ్ళ తెల్లారి రెండింటికి హాజరు. గిట్ల రెండు నెలలు ఏడిపిచ్చి, ఆరు నెలలు మాయమై, మళ్ళ వచ్చేది.

తొంబైల చివర్ల ముచ్చట ఇది. మస్కట్‌ల వాడి కబీర్ కాడ ఒక ఇనుప పనుల వర్క్‌షాప్‌ల నేను వెల్డర్‌ను. మాది జగిత్యాల దిక్కు. రూమ్‌ల ఎనిమిది మందిమి, మీద ఒకటి కింద ఒకటి మంచాలు. నేను తల గుద్దుకుంటుంటె పై మంచమాయనకు నిద్ర లేకపోతుండె. పాపం, ఆయన కడప సాయిబు, మేమందరం భాయ్ అనేది. గిలాసల నీళ్ళు తీసుకొని ఏదో చదివి, ఊది, "తాగప్పా, నీకెవురిదో దిష్టి తగిలింది" అనేటోడు. ఫోర్‌మన్ ఒక్కటే మాట: "నాటకం బంద్ చెయ్." క్లినిక్ డాక్టర్ సుత ఒక్కటే మాట: పనడాల్ గోలి. పనడాల్‌తోని పోయే నొప్పైతె నేను ఈ కథ చెప్పేటోన్నే కాదు.

పాస్‌పోర్టులు, వీసా కాగితాలు చూసెటాయనను అరబ్బీల మందూబ్ అంటరు. పోయి ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేసిన. "రెండు నెలలు ఇడువు సార్, ఇంటికి పోయి తల చూపిచ్చుకొని వస్త." ఆయన నా అగ్రిమెంట్ తీసి, ఇంకా పద్నాలుగు నెలలున్నయని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపిచ్చిండు. నా పాస్‌పోర్ట్ ఆయన బీరువల, నా తల నా మెడ మీద, రెండూ నా చేతిల లేవు. రూమ్‌కొచ్చి చెప్తె భాయ్ "మందు లేదు గానీ మందూబ్ ఉండాడులే నీకు" అని నవ్విండు. నాకు నవ్వు రాలె. గింత నరకం పగోనికి సుత వద్దనిపిచ్చేది.

గప్పుడే సమాయిల్ అనే ఊర్ల పని పడ్డది. ఖర్జూరం తోటల నడుమ నీళ్ళ ట్యాంక్ స్టాండ్ నిలబెట్టుడు. రెండయ్యింది, నొప్పి మొదలైంది. నేను కంటెయినర్ నీడకు పోయి తల రేకుకు కొట్టుకుంటున్న. అక్కడి ఇంజనీరు తెల్లాయన. అందరి లెక్క అరవకుండ వచ్చి నా ముంగట గొంతు కూసున్నడు. నా కన్ను చూసిండు, ముక్కు చూసిండు, "రోజూ ఇదే టైమా?" అని అడిగిండు. నాకు ఏడుపొచ్చింది. ఎవలన్న ఒక్కలు సరైన ప్రశ్న అడుగుతె గంత ఏడుపొస్తదని నాకప్పటిదాక తెల్వదు.

నొప్పి పోయినంక, నాతోని పనికొచ్చిన భాయ్‌ను పిలిచి ముచ్చట చెప్పిండు. ఆ ఇంజనీరు తమ్మునికి అచ్చం ఇదే రోగమట. మందులన్ని వాడి వాడి యాష్టకొచ్చి, వాళ్ళ దేశంల పచ్చికల మొలిచే ఒక చిన్న కుక్కగొడుగు తిన్నడట. తింటె రంగులు కనపడతయట, మనిషి మనిషి లెక్క ఉండడట. గని నొప్పి నెలలకు నెలలు రాలేదట. "డాక్టర్లు ఒప్పుకోలే, చట్టం ఒప్పుకోదు. నిన్ను తినమని చెప్తలేను, నీ లెక్కటోళ్ళు ఇంకా ఉన్నరని చెప్తున్న" అన్నడు. ఆ గొడుగు ముచ్చటను భాయ్ తెలుగుల ఇట్ల దించిండు: "పశువులు తిరిగే కాడ, పేడ మీద మొలుస్తాయి చూడప్పా, పిచ్చి గొడుగులు, అవంట." ఆ తెల్లాయన పేడ అన్నడో లేదో నాకు తెల్వదు. తినమన్లేదన్న మాట మాత్రం నా చెవులకు ఎక్కనే లేదు. మా ఊర్ల గొర్లకాపర్లు చెప్పే పేడ గొడుగులు యాదికొచ్చినయి. తింటె దినమంత నవ్వుతరని అనేటోళ్ళు. ఇగ నా పానం అండ్లనే ఉన్నది.

ఇంటికి కాసెట్ పంపుడు మా అలవాటు. ఉత్తరం రాస్తె చదివేటోడు కావాలె, కాసెట్‌కైతె చెవులు సాలు. గని కాసెట్ వచ్చిందంటె వాడకట్టంత టేప్ చుట్టు కూసుంటది. అందుకని రెండు నింపిన. ఒకటి అందరికి, అందరి బాగోగులు. ఇంకోటి నా భార్యకు ఒక్కదానికే. "నా పేరు మీద ఒట్టు, ఎవలకు చెప్పకు. పేడ మీది గొడుగులు ఎండబెట్టి, దంచి, కారంల కలిపి సీసల పెట్టు. నాతోని ఇక్కడ పనిచేసే మనూరాయన సెలవు మీద వచ్చిండు గద, ఆయన సంచిల పంపు. ఇది విన్నంక కాసెట్ చెరిపెయ్యి." ఇక్కడ మత్తు సరుకు దొరికితె జైలు నుంచి మళ్ళ బయటి ముఖం చూసుడు కష్టమని మాకందరికి తెలుసు. నా తిప్పలకు ఇంకొకని మెడ ఉరిల పెడుతున్నన్న సోయి నాకు లేకపాయె. థూ, నా బతుకు!

నెల దాటినంక ఆ మనూరాయన తిరిగొచ్చిండు. అందరికి పచ్చళ్ళు తెచ్చిండు, నాకు మాత్రం ఉత్త చేతులు. నన్ను పక్కకు తీసుకపోయి చెప్పిండు: "నీ పెండ్లాం దొరికింది రా. కుక్కగొడుగులు దంచి నీకు పంపే కారంల కలుపుతుంటె మీ అవ్వ చూసింది."

మా దిక్కు మందు అంటె మూడు. రోగానికి వేసుకునేది ఒకటి, సీసల తాగేది ఒకటి. మూడోది చెడ్డది. మొగణ్ణి లొంగదీసుకోనీకో సంపనీకో ఆడది కూట్ల కలిపి పెడుతదంటరే, అది. ఆ మాట ఒక్కసారి ఒక ఆడదాని మీద పడ్డదంటె ఆమె చేతి నీళ్ళు ఎవలూ తాగరు. మా అవ్వ వాకిట్లకొచ్చి నెత్తి కొట్టుకున్నదట: "నా కొడుక్కు మందు పెడుతున్నదో!" ఎందుకు దంచినవని అడిగితె నా భార్య నోరు తెరువలే. ఒట్టు పెట్టిచ్చుకున్నది నేను గద! కాసెట్ తెచ్చి ఇనిపిద్దామంటె దాని మీద మా బిడ్డ రెండో ఎక్కం ఎక్కిచ్చి ఉన్నది. నేను చెరుపుమన్న, ఆమె చెరిపింది.

"శుక్రవారం నాడు పెద్దమనుషులు మనూరి ఎస్టీడీ బూత్ కాడ కూసుంటరు. నువ్వు ఇక్కడి ఒకటిన్నరకు ఫోన్ చెయ్యి. నువ్వే అడిగినవంటె ముచ్చట ఒడిసిపాయె. లేదంటె ఆమెను ఇంట్ల ఉండనియ్యరు" అన్నడు మనూరాయన. అని, నవ్వి, "ఆ సీస నా సంచిలనే పెట్టాలనుకున్నదట రా. నయమే దొరికింది. లేకుంటె ఎయిర్‌పోర్ట్‌ల నన్ను లోపలేద్దురు" అన్నడు. నేను సుత నవ్విన.

శుక్రవారం వచ్చింది. రోడ్డు మీది ఫోన్ డబ్బా కాడ పెద్ద లైన్, ఇండియాకు చేసేటోళ్ళే అందరు. మనూరాయన నా వెంబడే వచ్చి, నా భుజానికి భుజం ఆనిచ్చి నిలబడ్డడు. పొమ్మని ఎట్లంటం? అవుతల పక్క పోలీస్ జీప్ ఒకటి నీడకు ఆగి ఉన్నది. ఈ ఫోన్లు ఎవలో వింటరని రూమ్‌ల అందరు అనేటోళ్ళు. కార్డ్ పెట్టిన, నంబర్ కలిసింది. పెద్దమనిషి గొంతు వచ్చింది.

"బిడ్డా, ఒక్కటే మాట చెప్పు. నువ్వు మందు అడిగినవా?"

ఆయన ఏ మందు అడుగుతున్నడో నాకు తెల్వదా? తెలుసు. తలనొప్పికి అడిగిన అంటె సాలు. రెండు మాటలు. గని పక్కనోని చెవి నా నోటి కాడనే ఉన్నది. ఆయన క్యాంప్‌ల చెప్తడు, క్యాంప్ మందూబ్‌కు చెప్తది, నేను ఏడ ఉంటనో? అవుతల నా భార్య దగ్గుడు వినపడ్డది. ఆమె దగ్గు నేను గుర్తుపట్టనా! ఒక్కసారే దగ్గింది.

"నేను ఏ మందు అడగలే," అన్న. ఫోన్ పెట్టేసిన.

నొప్పి మీద నెపం వెయ్యొచ్చు. వెయ్య. అప్పటికి నొప్పింకా రాలే. రూమ్‌కు పోయినంకనే వచ్చింది, ఆనాడు తల గుద్దుకోలే, కూసోని భరిచ్చిన.

పదిహేను దినాలకు నా బావమరిది ఉత్తరం వచ్చింది. అటు ఫోన్ పెట్టంగనే మా ఆమె ఇంట్లకు ఉరికి కారం సీస తెచ్చిందట. "దీంట్ల విషముంటె నేనే సస్త, చూడుండ్రి" అని అందరి ముంగట పిడికెడు నోట్లె పోసుకున్నదట. ఎవలూ ఆపలేదట. కొంచెం సేపటికి నవ్వు మొదలైందట. నవ్వి నవ్వి ఏడ్చిందట, బూత్ అద్దానికి వేలు చూపిచ్చుకుంట ఏదో అన్నదట, తర్వాత కడుపు దేవి వాంతులు. "చూసిన్రా, మందే!" అన్నరట అందరు. విషం కాదని చూపిద్దామని తిన్నదానికి అదే సాక్ష్యమయ్యింది. పొద్దూకక ముందే బిడ్డను సంకనేసుకొని తల్లిగారింటికి నడిచిపోయిందట.

ఇగ ఉండలేకపోయిన. ఏమైతె గదే ఐతదని అవ్వకు కాసెట్ నింపిన. "నేనే అడిగిన, నా తలనొప్పికే అడిగిన, దానిది తప్పు లేదు." వాడకట్టంత కూసోని విన్నదట. విని మా అవ్వ ఏడ్చిందట: "అయ్యో, మందు పారింది! నా కొడుకు దాని పాటే పాడవట్టె!" నేనెంత చెప్తె అంత మందు పారినట్టు. దేశం కాని దేశంల, పాస్‌పోర్ట్ లేకుండ, నా మాట నాకే అక్కరకు రాకుండ తొమ్మిది నెలలు ఉన్న.

అగ్రిమెంట్ ఒడిసినంక వచ్చిన. కరీంనగర్‌ల ఒక డాక్టర్ నొప్పి లేచిన టైముకు ముక్కుకు ఆక్సిజన్ పెట్టిచ్చిండు. పావుగంటల దిగింది. మా వర్క్‌షాప్‌ల ఆక్సిజన్ సిలిండర్ల నడుమ కూసోని ఏండ్లకేండ్లు తల గుద్దుకున్ననని చెప్తె ఆయన సుత నవ్విండు. "అది వేరు, ఇది వేరు, దాన్ని పీల్చకు" అన్నడు. ఈ నడుమ పేపర్ల చదివిన, తెల్లోళ్ళ దేశాలల్ల డాక్టర్లే ఆ గొడుగుల సంగతి చూస్తున్నరట, ఇంకా తేలలేదట. తేలుతె తేలనీ.

అత్తగారింటికి పోయిన. ఆమె వాకిట్ల చింతపండు పిక్కలు తీస్తున్నది. నన్ను చూసి లేవలే, పొమ్మని సుత అనలే. పక్కన కూసున్న. అడగాల్సినయి గన్ని ఉండంగ ఇదొక్కటే నోట్లెకొచ్చింది: "ఆనాడు అద్దానికి వేలు చూపిచ్చినవట గద. ఏం కనపడ్డది?"

"నువ్వే కనపడ్డవ్," అన్నది తలెత్తకుండ. "ఫోన్ పట్టుకొని నిలబడ్డవ్. కండ్లున్నయి, ముక్కున్నది. నోరే లేదు."