వెండి గిన్నెలో వాసన సబ్బు

గడ్డం గీసుకునేటప్పుడు సబ్బు కలుపుకునే మా తాత వెండి గిన్నె ఒక్కటే అమ్మకుండా మిగిలింది. పొలాలు పోయాక, ఇంటికొచ్చి క్షవరం చేసే మనిషి రావడం మానేశాడు. ఏటేటా కళ్లంలో కొలిచే గింజలు లేనప్పుడు ఆయన మాత్రం ఎందుకొస్తాడు? పుంగనూరు బజారులో నలుగురి ముందు కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు. మదనపల్లెలో చదివిన రోజుల్లో కూడా సెలూను మెట్టెక్కలేదు. నేనే గీసుకోవడం నేర్చుకున్నాను.

తొంభైల చివర్లో, కుప్పంలో ఉండే అమ్మ తమ్ముడు ఒకసారి వచ్చి పొమ్మని కబురు పెట్టాడు. మామ కూతురిని నాకు చేసుకోవాలని అమ్మ ఆశ. మేనరికం కాబట్టి అడగవచ్చు. ఇచ్చే మనసు ఆయనకు ఉందో లేదో తెలియాలి. బయలుదేరే రోజుకు గడ్డం సబ్బు అయిపోయింది. ఇంట్లో ఉన్న ఒకే వాసన సబ్బును సగానికి కోసి, తడిపి, గిన్నెలో అదిమాను. మిగతా సగం అమ్మకు వదిలాను.

వాసన సబ్బుతో గడ్డం గీసుకోవచ్చు. వేన్నీళ్లు కావాలి, చెంప చెంపకూ కొత్తగా రుద్దుకోవాలి, ఎవరూ చూడకూడదు. మర్నాడు పొద్దున మామ పెరట్లో బోరు నీళ్లకు లేచిన నురగ రెండో చెంపకు పోయేలోపే పొరకట్టింది. బ్లేడు జారక గీరుకుంది. గడ్డం కింద తెగింది.

అల్లుడు కోడిని కోసినట్టు కోసుకుంటాండాడని అత్త నవ్వింది. కాఫీ తెచ్చిన మరదలు గడపలోనే ఆగి గిన్నెలోకి చూస్తోంది.

"అది ఒళ్లు రుద్దుకునే సబ్బు గదప్పా. యాల మొగం పాడు చేసుకుంటావు? ఇది పూసుకో," అంటూ మామ తన క్రీము ట్యూబు అందించాడు.

నేను చెయ్యి చాపలేదు.

"మా ఇంట్లో ఒకరి సామాను ఇంకొకరు ముట్టరు మామా," అన్నాను. తాత అనేవాడు ఆ మాట. ఆయన కాలంలో అది నిజం కూడా.

మామ ట్యూబు వెనక్కి తీసుకున్నాడు. కూతుర్ని లోపలికి పొమ్మన్నాడు. తరువాత నాకు వినపడేటట్టే అత్తతో అన్నాడు.

"నా సబ్బే ముట్టనోడు నా బిడ్డ చేతి కూడేం తింటాడే?"

పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. టిఫిను పెట్టి, మర్యాదగా బస్సెక్కించారు. వి.కోట దాటినా మొహం మంట తగ్గలేదు.

మామ ఏమన్నాడని అమ్మ అడిగింది. ఆ సంబంధం మన స్థాయికి తగదన్నాను. ఆమె నా గడ్డం మీది గాట్లు చూసింది. సంచిలోంచి గిన్నె తీసి, అందులోని సబ్బును గరిటె కాడతో పెకలించి, స్నానాలగదిలో ఉన్న తన సగానికి తడిచేసి అతికించింది. రెండూ ఒక్కటయ్యేదాకా అదిమింది.

మర్నాడు ఇద్దరమూ దానితోనే స్నానం చేశాం.