నలభై మూడు అంగుళాల పరువు

నా పరువు పోయిన రోజున మా అత్తగారింట్లో ఉన్నది నలభై మూడు అంగుళాల టీవీ. పాతకాలపు డబ్బా టీవీ అయి ఉంటే పరువు కొంచెం చిన్నగా పోయేది. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకైనా కనిపించేది కాదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివేవారిలో ఎవరికైనా తోడల్లుడూ స్మార్ట్‌ఫోనూ రెండూ ఉంటే, ఇది పూర్తయ్యేదాకా ఆ రెండింటికీ కాస్త ఎడంగా కూర్చుంటారని.

నేను ఖమ్మంలో ఒక పత్రిక డెస్కులో ఏళ్ల తరబడి ఇతరుల వార్తలు దిద్దుతూ బతుకుతున్నవాణ్ణి. మా అత్తగారి ఊరు పినపాక దాటాక అడవి అంచున ఉంటుంది. ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి. పెద్దల్లుడంటే మాటలు కాదు. లోకంలో ఏం జరిగినా, ఆ ఇంట్లో మాత్రం నేను అవునన్న తర్వాతే జరిగినట్టు లెక్క. నాటుకోడి కూరలో కాలు ముక్క నన్ను వెతుక్కుంటూ వచ్చి పళ్లెంలో పడేది. ప్రార్థన కూడిక జరిగితే ఇంటి తరఫున సాక్ష్యం చెప్పేది నేనే. దేవుడు ఈ ఇంటికి చేసిన మేళ్లను నేను వర్ణిస్తుంటే మా అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకునేది. అంతటి వైభవాన్ని అరచేతి మందం డబ్బా ఒకటి కూల్చింది. దాని పేరు రౌటర్.

ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ కావాలంటే మేడెక్కి, అడవికి వీపు పెట్టి, కదలకుండా నిలబడాలి. అందుకని మా మామ ఇంటికి వైఫై పెట్టించాడు. డబ్బాను హాల్లో టీవీ పక్కన బిగించారు. హాల్లో ఫోన్లు గుర్రాల్లా పరిగెత్తాయి. వంటింట్లోకి వెళితే మాత్రం గానుగెద్దులు.

“వంటింట్లకు రాదా పెద్దల్లుడా?” అని అడిగింది అత్తమ్మ. ఆమెకు కూర కలుపుతూ పాటలు వినాలని కోరిక.

“మూరెడు మట్టిగోడ అడ్డముంది గద అత్తమ్మా. మనం చేసేదేం లేదు,” అని తీర్పు చెప్పాను. నా తీర్పుకు ఆ ఇంట్లో అప్పీలు లేదు.

అప్పీలు మరుసటి ఆదివారం కొత్తగూడెం బస్సు దిగింది. పేరు విల్సన్. ఆ ఇంటి చిన్నల్లుడు, నాకు తోడల్లుడు, బ్యాంకు ఉద్యోగి. చేతిలో ఫోన్ లేకపోతే చొక్కా లేనట్టు సిగ్గుపడే మనిషి.

“గోడ దాటకపోతే తలుపులకెళ్లి తెద్దాం అన్నా,” అంటూ తన ఫోన్‌ను వంటింటి గడప పక్క గూట్లో పెట్టాడు. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ అనే చోటుకు వెళ్లి, దాని అడుగున ఎక్కడో దాక్కున్న ఒక మీట నొక్కాడు. ఫోన్ ఒక చేత్తో హాల్లోని వైఫై అందుకుని, ఇంకో చేత్తో వంటింట్లోకి అందించడం మొదలుపెట్టింది. అత్తమ్మ చేతిలోని ఫోన్ గొంతెత్తి పాడింది.

“నా తండ్రే! పెద్దల్లుడు రాదు అన్నడు గద!”

“అన్నకు పేపరు పనులు ఎక్కువ గద అత్తమ్మా,” అన్నాడు విల్సన్ దయగా. ఆ దయ నాకు తేలుకుట్టినంత హాయిగా ఉంది.

అంతటితో ఆగాడా? వచ్చిన చుట్టానికల్లా పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్పే పని లేకుండా, తన ఫోన్‌లో నలుపు తెలుపు చుక్కల గడి ఒకటి తెప్పించి చూపించాడు. వాళ్లు దాన్ని ఫొటో తీసినట్టు చూస్తే చాలు, నెట్ వచ్చేది. సిగ్నల్ ఎక్కడ బలంగా ఉందో గీతలు గీసి చూపే యాప్ పట్టుకుని, బోరు కోసం కొబ్బరికాయ పట్టుకు తిరిగేవాడిలా ఇల్లంతా తిరిగాడు. వెనక మా మామ, అత్త, ఇరుగుపొరుగు ఊరేగింపుగా నడిచారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ వైఫై అత్తది, బిల్లు మామది, కీర్తి విల్సన్‌ది. ఆ మధ్యాహ్నం కోడికాలు నా పళ్లెం మీదుగా ఎగిరి అతని పళ్లెంలో వాలింది.

నా కడుపులో మంట రాజుకుంది. మణుగూరు బొగ్గు మంట లాంటిది. పైకి పొగ కనిపించదు, లోపల మాత్రం ఇంజను నడుస్తుంది.

ఖమ్మం చేరగానే అచ్చం విల్సన్ ఫోనే కొన్నాను. అదే కంపెనీ, అదే మోడల్, రంగు కూడా అదే.

“ఉన్న ఫోన్‌కు ఏమైంది?” అంది మా ఆవిడ.

“పాతబడ్డది.”

“ఫోన్ పాతబడలే. మా చెల్లె మొగుణ్ణి చూసి నీకు కండ్లు మండుతున్నయ్.”

భార్యలకు మనసు చదివే సెట్టింగ్ పుట్టుకతోనే ఆన్‌లో ఉంటుంది. నేను పట్టించుకోలేదు. కొన్ని వారాలు వార్తలు దిద్దడం తగ్గించి సెట్టింగ్స్ తవ్వాను. ఫోన్ వివరాల్లో ఒక అంకె మీద పదే పదే నొక్కితే తెరుచుకునే రహస్య మెనూ కనిపెట్టాను. ఫోన్ తెరను గాల్లోనే టీవీ మీదకు పంపే విద్య నేర్చాను. రౌటర్ అడుగున అంటించిన చీటీలో ఉండే పాస్‌వర్డ్‌తో దాని లోపలి పేజీలోకి వెళ్లి, ఎవరెవరి ఫోన్లు తగులుకున్నాయో చూడొచ్చని, నచ్చనివాడికి నెట్ ఆపేయొచ్చని కూడా తెలుసుకున్నాను. ఈ చివరి విద్య నేర్చుకున్న రోజున నాకు చాలా ప్రశాంతంగా నిద్ర పట్టింది.

అత్తమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగినందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. వెళ్లేసరికి పిడుగులాంటి వార్త.

“ఈసారి సాక్ష్యం చిన్నల్లుడు చెప్తడు,” అంది అత్తమ్మ.

“మరి నేను?”

“నువ్వు కూసో అయ్యా. ఎప్పుడు చెప్పేదే గద.”

నేను కాళ్లబేరానికి వచ్చాను. “అత్తమ్మా, పాటల పుస్తకాలు అందరికి చాలవ్ గద. నా ఫోన్‌కెళ్లి పాటలన్నీ టీవీ మీద వేస్త. సక్కగ జరిగితే సాక్ష్యం నాకియ్యి.”

ఆమె మోకాలు నిమురుకుంటూ ఒప్పుకుంది. “సరే. పాటలు ఆగకుంట నడిస్తే నువ్వే చెప్పు.”

హాలు నిండింది. ముందు చాప మీద సుగుణమ్మ కూర్చుంది. ఆ ఊరి చర్చి సంఘంలో పాటలు ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక పంక్తి రాగంతో అంటే మిగతావాళ్లు అదే పంక్తి అందుకుంటారు. ఎదురుగా ఏం రాసి ఉంటే అది పాడటమే తప్ప, అర్థం గురించి ఆగే అలవాటు ఎవరికీ లేదు. గోడ పక్కన కుర్చీలో మా మామ స్నేహితుడు సోమయ్య. లోపలి గూడెం నుంచి తేనె సీసా తెచ్చి, భోజనానికి ఆగాడు. వాళ్ల దేవుళ్లు వేరు, కానీ మా అత్తమ్మ చేతి కూర మీద ఆయనకు గట్టి నమ్మకం.

మొదటి పాట టీవీ మీద దివ్యంగా వెలిగింది. రెండోదీ అంతే. సాక్ష్యం నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చూశాను విల్సన్‌ని. ఫోన్ నిలువుగా పట్టుకుని, మణుగూరులో ఉన్న వాళ్లమ్మకు కూడిక మొత్తం లైవ్‌లో చూపిస్తున్నాడు. ఆడవాళ్లంతా నా టీవీ వదిలేసి అతని ఫోన్‌లో కనిపించడానికి కొంగులు సర్దుకుంటున్నారు. అత్తమ్మ వియ్యపురాలికి చెయ్యి ఊపుతోంది!

అదిగో, బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. అతని నెట్ కాసేపు ఆపుతాను. లైవ్ ఆగుతుంది. అందరూ హాహాకారాలు చేస్తారు. నేను నింపాదిగా లేచి బాగు చేస్తాను. ఇదీ పథకం.

“కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకుందాం,” అన్నారు పాస్టర్ గారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే మణుగూరు వెళ్లి రావచ్చు. హాల్లో అందరి కళ్లూ మూతపడ్డాయి. నేను తల వంచి ఫోన్ తెరిచాను. పాట మీద నుంచి వెనక్కి వస్తే టీవీకి బొమ్మ వెళ్లడం దానంతటదే ఆగుతుందని నా నమ్మకం. నమ్మకమే రక్షిస్తుందంటారు గాని, సెట్టింగ్స్ విషయంలో ఆ మాట వర్తించదని మనవి.

కంగారులో దారి మరిచిపోయి, ముందు “తోడల్లుడి ఫోన్‌కు నెట్ ఆపడం ఎలా” అని వెతికాను. తర్వాత, వచ్చీరాగానే చీటీ చూసి రాసుకున్న పాస్‌వర్డ్‌తో రౌటర్ పేజీలోకి వెళ్లాను. వరసలో ఒకే పేరుతో రెండు ఫోన్లు. ఒకే మోడల్ కొన్న పాపం! ఏది అతనిది, ఏది నాది? పైనున్నదే అతనిదై ఉంటుంది, పైన ఉండటం అతనికి అలవాటు కదా అనుకున్నాను. మళ్లీ పొరబడకుండా దానికి “గొప్పల విల్సన్” అని పేరు పెట్టాను. “ఈ పరికరానికి నెట్ నిలిపివేయాలా?” అని అడిగింది పేజీ. ఎంత మర్యాదగా అడిగిందో! అవును అని నొక్కాను.

చటుక్కున నా ఫోన్‌లో వైఫై గుర్తు ఆరిపోయింది. నేను ఆపింది నన్నే.

“ఆమెన్,” అన్నారు పాస్టర్ గారు.

అందరూ కళ్లు తెరిచారు. టీవీ మీద బొమ్మ బిగుసుకుపోయి ఉంది. సుగుణమ్మ అలవాటు కొద్దీ తెర చూసి, గొంతు సవరించుకుని రాగమెత్తింది.

“గొప్పల విల్సన్... ఈ పరికరానికీ...”

“గొప్పల విల్సన్... ఈ పరికరానికీ...” అని హాలంతా భక్తిగా అందుకుంది. తబలా కూడా పడింది.

“నెట్ నిలిపివేయాలా...”

అక్కడ ఎవరో ఆగారు. తర్వాత తబలా ఆగింది. నేను టీవీ స్విచ్ వైపు దూకబోయాను. మధ్యలో చుట్టాలు గోదావరి వరదలా పరుచుకుని ఉన్నారు.

“ఇదేం పాట? కొత్తగ వచ్చిందా?” అంది వెనక నుంచి ఒక ముసలామె.

అప్పుడు సోమయ్య నోరు విప్పాడు. ప్రార్థనలో కళ్లు మూసుకోవడం ఆయన ఆచారం కాదు. మొదటి నుంచీ సినిమా చూసినట్టు చూశాడట.

“దీనికి ముందు ఇంకోటి వచ్చింది గద అల్లుడా. తోడల్లుడి ఫోన్‌కు నెట్ ఎట్ల ఆపాలె అని. అది పాడకుంటనే తీసేసినవ్ ఏంది?”

ఇల్లు దద్దరిల్లింది. పాస్టర్ గారు నవ్వు దాచుకోవడానికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. రుమాలు కూడా వణికింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపును అచ్చు వేయడానికి ఏ పత్రికా సాహసించదు.

విల్సన్ నెమ్మదిగా అన్నాడు. “అన్నా, నా ఫోన్ మంచిగనే నడుస్తంది. లైవ్ గూడ పోతంది.”

ఫోన్‌లోంచి మణుగూరు గొంతు ఖంగున మోగింది. “అరే విల్సన్, నీది ఆపుతా అంటున్నది ఎవర్రా? గా పేపరాయనేనా?”

“అవ్ వదినా, మా పెద్దల్లుడే,” అంది అత్తమ్మ, దాచకుండా.

“మరి సాక్ష్యం ఎవరు చెప్తరమ్మా?” అని అడిగారు పాస్టర్ గారు.

అత్తమ్మ టీవీ వైపు చూసింది, నా వైపు చూసింది. “పెద్దల్లుడిది అయిపోయింది గదయ్యా. అందరం కలిసి పాడినం. ఇగ చిన్నల్లుణ్ణి చెప్పమనున్రి.”

ఆ తర్వాత చాలా రోజులు నేను ఆ ఊరు పోలేదు. చివరికి వెళ్లినప్పుడు విల్సన్ కూడా వచ్చాడు. ఇద్దరం ఫోన్లు తీసి చూస్తే చుట్టూ వైఫై జాడే లేదు. విల్సన్ యాప్ పట్టుకుని తిరిగాడు, నేను సెట్టింగ్స్ తవ్వాను. జీవితంలో మొదటిసారి ఇద్దరం ఒకే జట్టు. వంటింట్లో మాత్రం అత్తమ్మ ఫోన్ హాయిగా పాడుతోంది.

“డబ్బా చెడిపోయిందా అత్తమ్మా?” అన్నాను.

“చెడిపోలే. వంటింటి గడప గూట్లకు మార్పించిన. వైఫై పేరు ఎవ్వరికి కనపడకుంట దాచే సెట్టింగ్ ఉంటదంట. నేనే చూసి పెట్టిన. పేరు తెల్వనోళ్లకు దొరకదు.”

“మరి పేరు చెప్పున్రి అత్తమ్మా,” అన్నాడు విల్సన్.

“మేడ మీద ఒక గీత వస్తది. ఇద్దరు పోయి అడవి దిక్కు వీపు పెట్టి నిలవడున్రి. అన్నదమ్ముల లెక్క ఉంటరు.”

నిలబడ్డాం. అక్కడే, ఆ ఒక్క గీత సాక్షిగా, నేను ప్రమాణం చేశాను. ఇకపై ప్రార్థనలో కళ్లు మూస్తే తెరవను. తోడల్లుడు కొన్న ఫోన్ కొనను. పరాయివాడి నెట్‌కు అడ్డం పడను. వైఫై అనే మాట విన్నచోట నిలబడను.

అయితే విల్సన్ పోయిన నెల కారు కొన్నాడు. కార్ల సంగతి ఈ ప్రమాణంలో ఎక్కడా లేదని పాఠకులు గమనించగలరు.