గోడవైపు కుర్చీ

ఏ ఆఫీసులో చేరినా చెన్నకేశవ గోడకు వీపు ఆనేలా, తలుపు కనబడేలా ఉండే కుర్చీనే వెతుక్కుంటాడు. చిన్నప్పుడు జమ్మలమడుగులో నాయన ఎక్కడికెళ్లినా అలాగే కూర్చునేవాడు, ఆ అలవాటే కొడుక్కీ అబ్బింది. బెంగళూరులో నాలుగేళ్లకే ఇప్పుడు చేరబోయేది మూడో కంపెనీ. టేబుల్ మీద ఫోటో పెట్టుకోడు, కాఫీ కప్పు కూడా తెచ్చుకోడు. మళ్లీ కొత్తవాళ్లకు పేరు చెప్పుకోవాలి, ఎవరో రాసి వదిలిపోయిన కోడ్‌ను మళ్లీ మొదటినుంచీ చదువుకోవాలి అనుకుంటేనే ఒళ్లు బరువెక్కుతుంది.

కొత్తదాంట్లో చేరేలోగా వారం దొరికితే ప్రొద్దుటూరు వచ్చాడు. నాయన రామసుబ్బయ్య ఒకప్పుడు జమ్మలమడుగులో ఒక నాయకుడి జీపు వెనక తిరిగిన మనిషి. ఒక ఎన్నికల ముందు ఆయన్ని వదిలి అవతలి పార్టీలోకి మారాడు, ఆ వారమే ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికొచ్చేశాడు. సొంత చెల్లెలు ఆ ఊళ్లోనే ఉన్నా మళ్లీ అటు పోలేదు.

"మల్లా మారినావంట గదా. పాత సారు నిన్ను ఊరకే ఇడ్సినాడా?" అన్నాడు రామసుబ్బయ్య.

"కేకు తినిపిచ్చి పంపినారు నాయినా."

రామసుబ్బయ్య వాకిలివైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అంటే, ఇప్పుడు ఆ ఆపీసు ముందర నువ్వు ఒగనివే నడ్సి పోవచ్చా?"