తొమ్మిదేళ్ల తర్వాత కాలేయంలో గడ్డ

సహోదర సహోదరీలారా, మళ్ళీ మీ ముందు నిలబడతానని నేను అనుకోలేదు! మన బమ్రోలిలో మరమగ్గాల మీద పనిచేసే నాకు క్యాన్సర్ వచ్చి జీర్ణాశయమంతా తీసేసినా, ఆ తర్వాత తొమ్మిదేళ్లు కొంచెం కొంచెంగా తింటూ బాగానే బతికాను, ఏటేటా సంఘంలో లేచి "నా రోగం పోయింది" అని గట్టిగా సాక్ష్యం చెప్పాను.

అలాంటిది కుడిపక్కన నొప్పి మొదలైంది. సిగ్గుతో రెండు నెలలు దాచాను. నా భార్య సుగుణ కనిపెట్టింది. "ఏందయ్యా, గిట్ల పక్క పట్టుకొని కూసుంటున్నవ్? నాతోని గూడ దాస్తవా? నడువ్ దవాఖానకు!"

స్కానింగ్‌లో కాలేయంలో గడ్డ కనిపించింది, సూదితో ముక్క తీసి పరీక్షిస్తే అదే పాత క్యాన్సర్! ఇన్నేళ్లకు తిరిగి రావడం అరుదని డాక్టరుగారే ఆశ్చర్యపోయారు. ఒక్కచోటే ఉంది కాబట్టి కోసి తీయవచ్చనీ, పొట్ట తెరిచాక ఇంకెక్కడైనా కనిపిస్తే ఏమీ చేయకుండా కుట్టేస్తామనీ చెప్పారు.

"ప్రభువా, బాగయిందని అందరికీ చెప్పిన గదా, ఇప్పుడు ఏ మొఖంతోని పోవాలె?" అని ఏడ్చాను. అయినా ఆ ఆదివారం సంఘంలో లేచి, "మళ్ళీ వచ్చింది" అన్నాను. అప్పుడు ముందు వరుసలోంచి ముసలి ఎస్తేరమ్మ లేచి నా తల మీద చెయ్యి పెట్టి, "గీ మాట చెప్పనీకె ఇన్నొద్దులా తమ్మీ? మేమెందుకున్నం?" అంది. సంఘమంతా మోకరించింది!

ఆపరేషన్ తర్వాత కళ్ళు తెరిస్తే సుగుణ ఎక్కి ఎక్కి ఏడుస్తోంది. పొట్ట తెరిచి ఏమీ చేయకుండానే కుట్టేశారనుకున్నాను.

"మొత్తం తీసేసిండ్రట! ఇంకెక్కడ లేదట!" అంది.

దేవునికే మహిమ! రెండేళ్లయింది. స్కానింగ్‌కు వెళ్ళిన ప్రతిసారీ నా చేతులు వణుకుతాయి, అబద్ధం చెప్పను. ఆ వణికే చేతులనే ఆయన పట్టుకున్నాడు. నొప్పిని దాచుకుని ఇక్కడ కూర్చున్నవారు ఎవరైనా ఉంటే, సహోదరులారా, రేపే డాక్టరు దగ్గరకు వెళ్ళండి, ఈరోజే ప్రభువుకు చెప్పుకోండి. భయంతో వచ్చినా సరే, ఆయన తోసివేయడు. ఆమేన్.