చాటమూతి పిల్ల దాటిందా?

ఖాలా పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాద్ బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. రెండేళ్లలో నాలుగో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి పోతున్నాను.

"బిడ్డా, ఖాలా పోయిందే," అన్నది అమ్మ.

"ఎప్పుడు?"

"గంట కింద. సాయంత్రం అసర్ నమాజు కాంగనే తీస్కపోతరట. వస్తవా, రావా?"

ఏడుపు రాలేదు. 'గంట కింద' అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. ఆ రోజు మాత్రం అది వేరేగా వినబడింది. ఎలా వినబడిందో చెప్పాలంటే ముందు ఖాలా గురించి చెప్పాలి. నేను హైదరాబాద్ బస్సు వదిలేసి బోధన్ బస్సు ఎక్కాను.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మ తోబుట్టువు. బోధన్‌లో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకే గోడ. గల్లీలో పిల్లలందరికీ ఆమె ఖాలాయే. ఆమె అసలు పేరు నేను మొదటిసారి చూసింది ఆస్పత్రి చీటీ మీద. అది చదివితే ఎవరో తెలియని మనిషి అనిపించింది. అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆమె బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో పొగాకు, పక్కన తడిబట్టలో కత్తిరించి పెట్టిన తునికాకు, బొటనవేలి దగ్గర దారం. చేతుల వైపు చూసేదే కాదు. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే, కళ్లు గల్లీలోనో టీవీలోనో ఉండేవి. ఎవరైనా పిలిస్తే వెంటనే లేచేది కాదు. "ఆగుండ్రి, చేతిలున్నది కానియ్యుండ్రి" అనేది. అజాన్ వినబడినా అంతే. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, చివర మడిచి చాటలో వేశాకే తల మీదికి కొంగు వచ్చేది. సగం చుట్టిన బీడీని వదిలి లేవడం నేను ఒక్కసారే చూశాను. ఆ రోజు సంగతే చెప్పబోతున్నాను.

నాకు అప్పుడు ఆరేళ్లు. ఎండాకాలం. మా టీవీ రిపేరుకు పోయింది, నేను పొద్దంతా ఖాలా ఇంట్లోనే ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం టీవీలో ఏవో జంతువులు వచ్చాయి. ఏనుగుల్లా ఉన్నాయి, కానీ ఏనుగులు కావు. కింది దవడ వెడల్పుగా, ముందుకు చాచుకుని ఉంది. దాంతో నీళ్లలోని నాచును ఎత్తుకుని తింటున్నాయి. మాటలు హిందీలో. నాకు రాదు. ఖాలా చుడుతూనే తెలుగులో చెబుతూ పోయింది.

"గిది సూడు, దీని మూతి అచ్చం నా చాట లెక్క లేదూ? చాటమూతిది."

"యాడుంటయి ఖాలా?"

"ఇప్పుడు లెవ్వు. లక్షల యేండ్ల కింద ఉండె."

గుంపు నది దాటుతోంది. బురద. చివరన ఒక పిల్ల. అది దిగబడింది. ముందుకు పోయిన తల్లి ఆగి తిరిగి చూసింది. ఖాలా గొంతు మారింది. "తల్లి అంటున్నది, రా బేటా, కాలు గుంజు, జల్ది గుంజు. పిల్ల అంటున్నది, వస్తలేదమ్మీ." ఆపై నాకు చెప్పింది: "మా తల్లిగారూరు రెంజల్ల మా బర్రె పిల్ల గిట్లనే కాలువల దిగబడ్డది. మా బాపు పండుకోని లేస్తలేడు. నేనే గుంజిన."

తల్లి నీళ్లలోకి మళ్లీ దిగింది. ఖాలా చేతులు ఆగిపోయాయి. సగం చుట్టిన ఆకు విడిపోయి పొగాకు ఒళ్లో రాలింది. ఆమె మోకాళ్ల మీద లేచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గల్లీ అంతా 'ఓ' అన్నది, మామూలే. ఖాలా ఆ నల్లని టీవీనే చూస్తూ కూర్చుంది. "అరె, కమీనా," అన్నది, కరెంటునో, కరెంటాఫీసునో. మళ్లీ కరెంటు వచ్చేసరికి టీవీలో ఎవరో వంట చేస్తున్నారు.

మర్నాడు నేను వాళ్ల వాకిట్లో, బోరింగ్ పక్కన, చెంచాతో తవ్వడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవ్ బేటీ? నా ఇల్లు కూలగొడ్తవా?"

"చాటమూతి కోసం."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. వంగి చూసి, "గింతల దొరకది. ఇంకా కిందికుంటది," అన్నది. ఆ సినిమా మొదట్లో ఎవరో ఎముకలు తవ్వి తీసే దృశ్యం ఉందట. ఆమె దాని గురించి చెప్పింది. నేను ఇంకో సంగతి విన్నాను. మూడు రోజులు తవ్వాను. జానెడు గుంత అయింది. నా చెంచా వంకరపోయాక అమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఖాలా మట్టి పూడ్చలేదు. మంచినీళ్ల కుండ తెచ్చి ఆ గుంతలో కూర్చోబెట్టింది. "మంచిగైంది. ఇంతకుముందు ఊగుతుండె."

అప్పటి నుంచి ఆమె నన్ను పలకరించే పద్ధతి మారిపోయింది. బడి నుంచి వస్తే, "ఏం బేటీ, ఆ పిల్ల దాటిందా?" కాలేజీ నుంచి వస్తే అదే. నిజామాబాద్‌లో హాస్టల్లో చేరి, నెలకోసారి వచ్చినప్పుడూ అదే. మొదట్లో నవ్వులాటే. తర్వాత కాదని నాకు తెలుసు. ఆ రోజు జరిగి ఇరవై ఏళ్లు కావస్తున్నా, ఆమె చేతిలో విడిపోయిన ఆ ఒక్క బీడీని ఎవరూ మళ్లీ చుట్టలేదు.

డిగ్రీలో ఫోన్ వచ్చాక నేను వెతకడం మొదలుపెట్టాను. సగం గుర్తున్న సినిమాల పేర్లు కనిపెట్టి చెప్పే గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటుంది. అందులో ఇంగ్లీషులో రాశాను: భూమి కింద బతికే పెద్ద జంతువుల గురించిన డాక్యుమెంటరీ, హిందీ డబ్బింగు, ఒక పిల్ల బురదలో దిగబడుతుంది. మూతి వెడల్పుగా ఉంటుంది. భూమి కింద ఏనుగులేమిటని నవ్వుతారని ఏనుగు మాట రాయలేదు.

మనుషులు ఓపికగానే జవాబులిచ్చారు. పందికొక్కులన్నారు. గుహల్లో బతికే గుడ్డి చేపలన్నారు. చీమలు తినే జంతువన్నారు. ఒకాయన "రంగు ఎలా ఉంది?" అని అడిగితే "మట్టి రంగు" అని రాశాను. నేను చూసిన ప్రతి లింకులోనూ ఎలుకలే. ఏడాదికోసారి మళ్లీ అడిగేదాన్ని. మళ్లీ ఎలుకలే. ఉద్యోగాలు మారాను, గదులు మారాను, ఫోన్లు రెండు మార్చాను. ఆ ప్రశ్నలో ఒక్క మాట మార్చలేదు.

"దొరకలే ఖాలా."

"నీ కాళ్లకు చక్రాలున్నయ్ బేటీ. బ్రేకులే లేవు. జర ఒక్కకాడ కూసోని ఎతుకు."

పోయిన ఏడాది నుంచి ఆమెకు ఆయాసం. డాక్టరు పొగాకు ముట్టొద్దన్నాడు. ఆమె కూతురిని నేను ఆపా అంటాను, అంటే అక్క. పొగాకును తల్లి ముందు నుంచి తీసేసి ఆపా తన ఒళ్లోకి మార్చుకుంది. ఖాలా వట్టి ఆకులు చుట్టడం మొదలుపెట్టింది. లోపల ఏమీ లేని బీడీలు. దారం కట్టి, చివర మడిచి, చాటలో వేసేది. సాయంత్రం ఆపా వాటిని విప్పి, ఆకులు తడిబట్టలో పెట్టేది. పొద్దున ఖాలా మళ్లీ చుట్టేది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

పోవడానికి ఎనిమిది రోజుల ముందు నేను వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటోంది.

"దాటిందా?"

నేను అప్పటికే అనుకుని వచ్చాను. "దాటింది ఖాలా. సినిమా దొరికింది. చూసిన."

ఆమె నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది.

"ఏ పక్కకెళ్లి ఎక్కింది?"

"ఆఁ?"

"ఒడ్డు. ఏ పక్కకెళ్లి ఎక్కింది?"

"ఎడమ పక్క," అన్నాను.

ఖాలా నవ్వింది. నవ్వు దగ్గయింది. ఆపా పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. దగ్గు తగ్గాక ఖాలా ఆపాతో అన్నది: "ఝూటీ. సూసుంటే గంటసేపు జెప్పేది ఇది. ఎడమ పక్కనంట." నాతో అన్నది: "సూసినంక జెప్పు. మస్తు టైమున్నది."

లేదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు మళ్లీ బస్సులోకి వస్తాను. కిటికీ పక్కన కూర్చున్నాను. 'గంట కింద' అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఖాలా ఒక గంటకు అడుగున ఉన్నట్టు. గంటను ఎత్తితే కనబడేట్టు. అప్పుడు అర్థమైంది, ఈ మాటను నేను ఇలా ఇంతకుముందు ఒకసారి విన్నానని. లక్షల యేండ్ల కింద. ఆరేళ్ల పిల్లకు లక్షల ఏండ్లంటే ఏమిటో తెలియదు. కింద అంటే తెలుసు. చెంచా తీసుకుని తవ్వింది. ఆ పిల్ల పెద్దదై డిగ్రీ చదివి, అదే చెంచాతో ఇంటర్నెట్‌లో తవ్వుతూ వచ్చింది.

ఖాలాను ఒక్క మాట అడిగితే అయిపోయేది. అవి ఎప్పటివి ఖాలా, అని. ఇన్నేళ్లలో అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.

బస్సు ఎడపల్లి చేరకముందే జంతువు దొరికింది. లక్షల ఏళ్ల కిందటి ఏనుగులు, చాటలాంటి దవడ అని రాస్తే చాలు, బొమ్మలు వరుసగా వచ్చాయి. నిజానికి లక్షలు కాదు, కోటి ఏళ్ల పైమాటేనట. సినిమా పేరు దొరకడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. గుంపులో పాత మనిషి ఒకాయన జవాబిచ్చాడు. "ఇన్నేళ్లు భూమి కింద అని ఎందుకు రాశారు?" అని కూడా అడిగాడు. తెలుగులో కింద అంటే రెండు అర్థాలని చెబుదామనుకుని, థాంక్స్ అని మాత్రం రాశాను.

నేను చేరేసరికి మగవాళ్లు జనాజాను భుజాల మీదికి లేపుతున్నారు. మా అరుగు మీద నిలబడి చూశాను. గల్లీ మలుపు దగ్గర చెరకు ట్రాక్టరు ఒకటి ఆగి, వాళ్లు దాటేదాకా ఇంజను ఆపుకుని ఉంది.

రెండు వారాలు పోయాక, ఒక మధ్యాహ్నం, ఆపా పక్కన కూర్చుని ఫోన్‌ను ఖాలా చాటకు ఆనించి పెట్టాను. ఆపా చుడుతూనే ఉంది.

"ఇదేనా?"

"ఇదే."

"అమ్మీ ఏనుగుకు రెండంతలుంటదన్నది. గిది కుక్కపిల్లంత లేదు."

"ఫోన్ల సూస్తే కుక్కపిల్లనే ఉంటది ఆపా."

నది వచ్చింది. బురద వచ్చింది. నేను ఆ గొంతు కోసం ఎదురుచూశాను, రా బేటా, కాలు గుంజు. రాలేదు. ఆ దృశ్యంలో మాటలే లేవు. హిందీ ఆయన నది ముందు వరకూ మాట్లాడి ఊరుకున్నాడు. నీళ్ల చప్పుడు, సన్నగా సంగీతం, అంతే. ఇన్నేళ్లు నేను సినిమా మాటలనుకున్నవి ఖాలావి.

తల్లి నీళ్లలోకి మళ్లీ దిగింది. మాకు కరెంటు పోయిన చోటు అది. ఆపా చేతులు ఆగలేదు గానీ మెల్లబడ్డాయి.

పిల్ల కాలు గుంజుకుంది. గుంజుకుని, అవతలి ఒడ్డుకు కాదు, బయల్దేరిన ఒడ్డుకే మళ్లింది. తల్లి దాని వెనకే ఇవతలకొచ్చి ఎక్కింది. గుంపు అటు పోయింది. ఇవి రెండూ ఇటు నిలబడ్డాయి. తర్వాత వేరే జంతువు కథ మొదలైంది.

"అంటే దాటలే," అన్నది ఆపా.

"దాటలే."

"సావలే గద?"

"లేదు."

"తల్లే ఎనకకొచ్చిందా?"

"తల్లే వచ్చింది."

ఆపా తడిబట్టలోంచి ఇంకో ఆకు తీసుకుంది. "అమ్మీ ఒప్పుకోకపోతుండె. ఇంకింత ఉంటది, నువ్వు మొత్తం సూడలే అంటుండె," అన్నది. ఇద్దరం నవ్వాం. అది నిజం.

"ఎడమ పక్కన్నవ్ గద నువ్వు," అన్నది ఆపా.

నేను వెనక్కి జరిపి మళ్లీ చూశాను. వాళ్లు బయల్దేరిన ఒడ్డు తెరకు ఎడమ పక్కనే ఉంది. పిల్ల ఎడమ పక్కకెళ్లే ఎక్కింది. ఈ సంగతి చెప్పడానికి మనిషి లేదు.

ఆపా చేతిలో ఉన్నది పూర్తి చేసింది. దారం చుట్టి, చివర మడిచి, చాటలో వేసింది. అప్పుడు లేచి, నీళ్లు పట్టడానికి వాకిట్లో కుండ ఎత్తింది. దాని అడుగున నా గుంత అలాగే ఉంది. ఇన్నేళ్ల కుండ బరువుకు అంచులు నున్నబడి, నేను తవ్వినదానికంటే లోతుగా, తడితడిగా. అడుగున చిన్న తునికాకు ముక్క ఒకటి అతుక్కుని ఉంది. బోరింగ్ కొట్టిన చప్పుడు వినబడింది. ఆపా నిండిన కుండ తెచ్చి, చూడకుండానే, సరిగ్గా అందులో దించింది.